బావ ఫైలు అత్త బీరువాలో ఉంది

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. చిన్నప్పుడే అమ్మ పోతే మేనత్త పెంచింది. ఆమె కొడుక్కే ఇచ్చి పెళ్లి చేశారు. ఆరేళ్ల పాప ఉంది. బావ బోరు బండి మీద పనికి వేరే రాష్ట్రాలకు వెళ్తాడు, ఒక్కోసారి మూడు నెలలైనా రాడు. సంక్రాంతికి దగ్గు, జ్వరంతో వచ్చాడు. టీబీ అన్నారు, మందులు వాడుతున్నాడు. అప్పుడే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేశారట. ఆ ఫైలు అత్త బీరువాలో పెట్టి తాళం వేసింది. అడిగితే ‘నీకెందుకే’ అంటుంది. బావ తల దించుకుంటాడు. ఇప్పుడేమో మగపిల్లాడు కావాలి, రెండో కాన్పుకు వెళ్లమని రోజూ పోరు. పాప కడుపులో ఉన్నప్పుడు నాకు చేసిన పరీక్షలో ఏమీ లేదన్నారు. అత్తకు తెలియకుండా ఆ ఫైలు చూడాలంటే ఎలా? ఆస్పత్రిలో అడిగితే ఇస్తారా?
– ఒక సోదరి, పల్నాడు

జవాబు: ఇవ్వరమ్మా. ఒకరి హెచ్‌ఐవీ ఫలితం వాళ్ల అనుమతి లేకుండా బయట పెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. భార్యకు ముప్పు ఉందనుకుంటే డాక్టరు ఆమెకు చెప్పే వీలు అందులో ఉంది కానీ, ముందు భర్తకు కౌన్సెలింగ్ ఇవ్వాలి, ఆయన తానుగా చెప్పడని తేలాలి, తాను చెప్పబోతున్నానని ఆయనకు తెలియజేయాలి. నువ్వు కౌంటర్ దగ్గర నిలబడి అడిగితే వచ్చే కాగితం కాదది. బీరువా తాళం సంగతి నన్ను అడగొద్దు. ఆ ఫైలు దొరికినా అందులో ఉండేది మీ బావ రక్తం సంగతి. నీది కాదు.

టీబీ వచ్చిన వాళ్లందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయించడం మన ఆస్పత్రుల్లో మామూలే. కాబట్టి పరీక్ష చేశారంటే ఉన్నట్టు కాదు. దాచారంటే కూడా ఉన్నట్టని నేను అనను. కొన్ని ఇళ్లలో ఆ పేరున్న కాగితం కనబడినా పరువు పోయినట్టే అనుకుంటారు. ఊహలతో ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నా నీకు తెలిసేదేమీ లేదు. నీ చెయ్యి చాపి రక్తం ఇస్తే తెలుస్తుంది.

పాప కడుపులో ఉన్నప్పటి పరీక్షను పట్టుకుని కూర్చోకు. అది ఆరేళ్ల కిందటి మాట. ఆ తర్వాత మీ బావ ఎన్నిసార్లు వెళ్లాడు, ఎన్నిసార్లు వచ్చాడు? పరీక్ష ఈ రోజు చేయించినా, నిన్నమొన్న సోకితే అందులో కనబడకపోవచ్చు. అందుకే ఇప్పుడు లేదని వచ్చినా మూడు నెలలు ఆగి మరోసారి చేయించుకోమంటారు. ఆ మూడు నెలలూ కండోమ్ లేకుండా కలవొద్దు.

ఏరియా ఆస్పత్రిలో ఐసీటీసీ అని, హెచ్‌ఐవీకి కౌన్సెలింగ్ ఇచ్చి పరీక్ష చేసే కేంద్రం ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, నువ్వు సరేనంటేనే రక్తం తీస్తారు. మొదటి పరీక్షలో ఉన్నట్టు అనిపిస్తే అక్కడితో తేల్చేయరు, వేరే రకం కిట్లతో ఇంకో రెండుసార్లు చూస్తారు. మూడూ ఒకే మాట చెబితేనే పాజిటివ్ అంటారు. ఆ ఫలితం నీకే చెబుతారు. మీ అత్త వెళ్లి అడిగినా ఇవ్వరు. ఎవరినైనా ముందు అడగాలనిపిస్తే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి, అదీ ఉచితమే. ఒకవేళ నీకు ఉందని తేలితే అప్పుడు పాపకూ చేయించాలి. అన్నట్టు, ఇంట్లో టీబీ మనిషి ఉన్నాడు కదా, పాపను డాక్టరుకు చూపించారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు.

ఇక నీ ఉత్తరం చదువుతుంటే నాకు బావ కంటే అత్తే ఎక్కువ కనబడింది. నాలుగు పేజీల్లో ఆమె మీద ఒక్క కోపం మాట లేదు. ‘పెంచింది కదా, ఎదురు చెప్పలేను’ అని మూడుచోట్ల రాశావు. బయటి సంబంధం చేసుకుని ఉంటే ఈపాటికి పుట్టింటికి వెళ్లి కూర్చునేదానివి. నీకు పుట్టిల్లూ అదే, అత్తిల్లూ అదే. మేనరికంలో ఆడపిల్లకు ఉండే చిక్కే ఇది. అలిగి వెళ్లడానికి ఇంకో గడప ఉండదు.

ఆమె అన్నం పెట్టింది, జడ వేసింది, బడికి పంపింది. కాదనను. కానీ ఆ కాగితంలో ఏముందో తెలిసిన మనిషి, నీకు చెప్పకుండా నిన్ను రెండో కాన్పుకు వెళ్లమంటోంది. ఆ కాగితంలో ఏమీ లేకపోతే నీ ముందు పారేసి ‘చూసుకో’ అనడానికి ఎంతసేపు? ఉంటే మాత్రం, మనవడి కోసం నీ ప్రాణాన్నీ, పుట్టబోయే బిడ్డ ప్రాణాన్నీ పందెం పెడుతోంది. కన్నతల్లి చేసినా నేను ఒప్పుకోను. పెంచిన రుణం ముసలితనంలో చూసుకుని తీర్చుకో, మంచాన పడితే సేవ చెయ్యి. నీ ఒళ్లు ఇచ్చి తీర్చాల్సిన బాకీ కాదది.

ఆమె భయం నాకు అర్థం కాకపోలేదు. ఇరవై ఏళ్ల కింద మన ఊళ్లలో ఈ జబ్బుతో పోయినవాళ్లను టీబీతో పోయాడనే చెప్పుకునేవారు. కొడుకుకు టీబీ అనగానే ఆమెకు ఆ చావులే గుర్తొచ్చి ఉంటాయి. ఇప్పుడు ఆ రోజులు కావు. హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. మానకుండా వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. అలా తగ్గి నిలిచినవాళ్ల నుంచి కలయిక వల్ల భర్తకో భార్యకో సోకదు. తల్లికి ఉన్నా ముందే తెలుసుకుని మందులు వాడితే, దాదాపుగా బిడ్డలందరూ హెచ్‌ఐవీ లేకుండానే పుడుతున్నారు. మీ అత్త అడిగే మనవడు కూడా రావచ్చు, కాకపోతే ముందు అందరికీ అన్నీ తెలియాలి. తాళం వేసి కూర్చుంటే కొడుకు మందులకే ఆలస్యం. ఈ మాట ఆమెకు నువ్వే చెప్పు, ఫోన్‌లో కాదు, వంటింట్లో పక్కన కూర్చుని.

మీ బావ సంగతి ఎక్కువ రాయను. తల దించుకునే మగాడితో పోట్లాడి లాభం లేదు. ‘నేను చేయించుకుంటున్నా, నువ్వూ రా’ అను. వస్తే ఇద్దరూ కౌన్సెలర్ ముందు కూర్చోండి, ఆయన నోట రానిది అక్కడ రావచ్చు. రాకపోతే ఒక్కదానివే వెళ్లు.

సోమవారం పొద్దున్నే పాపను బడికి పంపి బయల్దేరు. ఎక్కడికని అత్త అడిగితే ఆస్పత్రికని చెప్పు. ఎందుకంటే, ‘నా రక్తం చూపించుకోడానికి’ అను. అబద్ధం చెప్పి వెళ్లకు. ఆ మాట అన్నప్పుడు బావ కూడా అక్కడ ఉంటే మరీ మంచిది.