హాజరు వేరు, ఆలనాపాలనా వేరు: అటెండ్ అన్న ఒక్క మాట

అమెరికా నుంచి గుంటూరు వచ్చి పది రోజులైంది. బ్రాడీపేటలో మా ఎదురింటి అమ్మాయి జనవరిలో ఎం.ఎస్.కి అమెరికా వెళ్తోంది. నిన్న సాయంత్రం సూట్‌కేసు సర్దడంలో సాయం చేద్దామని వెళ్తే, ఫోన్ నా చేతికిచ్చి, "పిన్నీ, యూనివర్సిటీ మెయిల్లో ఓరియంటేషన్‌కి అటెండ్ అవ్వమన్నారు. కింద ఇంకోచోట, అకౌంట్‌లో హోల్డ్ ఉంటే దానికి అటెండ్ టు అని రాశారు. రెండూ ఒకటేనా?" అని అడిగింది.

ఒకటి కాదమ్మా. మొదటిదానికి మనిషి వెళ్ళాలి, రెండోదానికి పని చక్కబెట్టాలి. హోల్డ్ అంటే టీకాల కాగితమో, ఫీజు బాకీయో తేలేదాకా రిజిస్ట్రేషన్ ఆపి ఉంచడం. ఓరియంటేషన్ రోజున వెళ్ళి కనపడితే చాలనుకుంటే, ఈలోపు కావలసిన క్లాసుల్లో సీట్లు నిండిపోతాయి.

అటెండ్, అటెన్షన్ లాంటి ఈ మాటలన్నీ లాటిన్‌లో సాగదీయడం, చాచడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చాయి. మనసును ఒకవైపు చాస్తే అటెన్షన్. మనం రోజుకు పదిసార్లు అనే టెన్షన్ కూడా ఆ ఇంటిదే, లాగి పట్టిన తాడులాంటిది. ఫ్రెంచివాళ్ళకు అదే మాట ఎదురుచూడటం అయింది. ఇంగ్లీషులో ధాతువు ఒకటే కాబట్టి మనం తికమక పడతాం. తెలుగులో మాత్రం హాజరు, శ్రద్ధ, ఆలనాపాలనా అని వేటికవి వేరు మాటలున్నాయి. అందుకే అటెండ్ కనిపించినప్పుడల్లా ఈ మూడింటిలో ఇక్కడ ఏది అని నేను తెలుగులో అడిగి చూసుకుంటాను. ఇరవై ఏళ్ళుగా నాకు ఇదే ఆసరా.

మనుషులను చెప్పే మాటల్లో ఇంకా జాగ్రత్త కావాలి. మన ఆఫీసుల్లో ఫైళ్ళు మోసే మనిషి అటెండరు. అమెరికాలో ఆ ఉద్యోగానికి ఆ పేరు లేదు. మీటింగుకు వచ్చినవాళ్ళు అటెండీలు. పార్కింగ్‌లోనో విమానంలోనో మన అవసరాలు చూసే ఉద్యోగి అటెండెంట్. గుంటూరు పెద్దాసుపత్రిలోనైనా ఇంకెక్కడైనా రోగి పక్కన ఉండే ఇంటిమనిషిని మనం అటెండెంట్ అంటాం కదా, అమెరికాలో ఆ అర్థంలో అనరు. అటెండింగ్ అంటే మరీ వేరు, రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణ పూర్తయి, రోగి బాధ్యత మోసే పెద్ద డాక్టరు.

ఇది నాకు కష్టకాలంలో తెలిసింది. మా అత్తగారిని అక్కడ ఆసుపత్రిలో చేర్చిన రాత్రి, మీరెవరని నర్సు అడిగితే అటెండెంట్‌నని చెప్పాను. జీతానికి పెట్టుకున్న మనిషిననుకుని ఆమె వివరాలేమీ చెప్పలేదు. 1996 నాటి హిపా చట్టం వల్ల రోగి సంగతులు ఎవరికి పడితే వారికి చెప్పరు. అటెండింగ్ పొద్దున వస్తారంటే, ఎవరో సహాయకుడు వస్తాడనుకుని నేను ఇంటికి వెళ్ళిపోయాను. డాక్టరు వచ్చి చూసి వెళ్ళేసరికి నేను లేను. అడగాల్సిన ప్రశ్నలన్నీ మర్నాటికి పడ్డాయి. అప్పటి బాధ నాకింకా గుర్తుంది. అందుకే చెప్తున్నాను, "ఆవిడ మా అత్తగారు, నేను కోడలిని" అని చుట్టరికమే చెప్పండి. డాక్టరు ఎన్ని గంటలకు వస్తారో అడిగి, ఆ వేళకు అక్కడే ఉండండి.

ఎయిర్‌పోర్టులో అన్‌అటెండెడ్, అంటే చూసేవాళ్ళు దగ్గర లేనిది, అన్న మాట మైకులో వినిపిస్తూనే ఉంటుంది. కాఫీకి వెళ్తూ పెట్టె కుర్చీ పక్కన వదిలితే ఆ మాట మీ పెట్టెకే వర్తిస్తుంది. పక్కవాళ్ళను కాస్త చూస్తుండమనడం మనకు బస్టాండులో అలవాటు, అక్కడ పనికిరాదు. పసిపిల్లలున్నవాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాలి. పాల ప్యాకెట్ కోసం రెండు నిమిషాలే కదా అని బిడ్డను కారులో ఒంటరిగా ఉంచడం కొన్ని రాష్ట్రాల్లో నేరం.

ఫోన్ అటెండ్ చేశాననకండి, ఆన్సర్ చేశాననండి. ఉత్తరం మీద అటెన్షన్‌కు పొట్టిరూపంగా ఏ.టి.టి.ఎన్. అని ఉంటే, ఆ పక్కనున్న పేరుగల మనిషికి అందాలని అర్థం.

ఇక క్లాసు సంగతి. ఇక్కడ ఇంజినీరింగ్‌లో 75 శాతం హాజరు లేకపోతే, ఆ తక్కువను మన్నించే కండోనేషన్ కోసం తిరిగినవాళ్ళే అందరూ. అక్కడ ఎం.ఎస్. క్లాసుల్లో చాలాచోట్ల పేర్లే పిలవరు. అలాగని వెళ్ళకపోయినా ఫరవాలేదనుకోవద్దు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద సెమిస్టర్ సెమిస్టర్‌కూ ఫుల్‌టైం చదువులో ఉండాలి. హాజరు తీసుకునే క్లాసులో స్నేహితుడికి ప్రాక్సీ వేస్తే మోసం కింద లెక్కకట్టి చర్య తీసుకుంటారు. ఇక్కడ నవ్వుకుని వదిలేసేది అక్కడ మీ రికార్డులోకి ఎక్కుతుంది.

అటెన్షన్‌కు నాకు నచ్చిన తెలుగు మాట అవధానం. చిన్నప్పుడు నాన్నగారు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో అష్టావధానానికి తీసుకెళ్ళేవారు. ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి ఇస్తారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనే అవధానిగారి ధ్యాస మళ్ళించడం. ఆయన నవ్వుతూ జవాబిచ్చి, ఆపిన పాదం దగ్గరే మళ్ళీ పద్యం అందుకునేవారు. హాలులో కూర్చున్న మేమందరం అటెండెన్స్. అక్కడ అటెన్షన్ ఆయనది. ప్రొఫెసర్ పే అటెన్షన్ అన్నప్పుడల్లా నాకు ఆయనే కళ్ళముందు మెదిలేవారు.

ఇదంతా చెబుతుంటే ఆ అమ్మాయి సూట్‌కేసు పక్కకు జరిపి, వాళ్ళమ్మను టీకాల కార్డు ఎక్కడుందని అడిగింది. బీరువాలో పాత ఫైలు కింద దొరికింది. ఫొటో తీసి అప్‌లోడ్ చేసేసరికి రాత్రి తొమ్మిదయింది.