కరోనా పోయింది కదా, ఇంక ఈ చదువుకి ఉద్యోగాలుంటాయా?

గుంటూరు నుంచి ఒక నాన్నగారు అడిగారు: "అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనల్ ఇయర్, వైరస్ వేరియంట్లని ట్రాక్ చేసే పనిలోకి వెళ్తానంటోంది, కరోనా అయిపోయాక దానికి ఫ్యూచర్ ఏముంటుంది?"

ఉంటుందండీ. ముందు ఆ పనేంటో చూడండి. 2020 డిసెంబర్లో కేంద్రం 10 ల్యాబులతో ఇన్సాకాగ్ అని, కరోనా వేరియంట్లని కనిపెట్టే ల్యాబుల నెట్‌వర్క్ ఒకటి మొదలుపెట్టింది, హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ అందులో ఉన్నాయి. పాజిటివ్ శాంపిల్స్ అక్కడికెళ్తే, దాదాపు 30 వేల అక్షరాలుండే కరోనా జీనోమ్, అంటే వైరస్ జన్యు సమాచారం, మొత్తం చదివి ఎక్కడెక్కడ మారిందో చూస్తారు.

2021 మేలో "ఏపీ స్ట్రెయిన్" అని టీవీల్లో ఎంత భయపెట్టారో గుర్తుందా, ఢిల్లీలో అయితే మన రెండు రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లకి 14 రోజుల క్వారంటైన్ అన్నారు. అదే టైంలో సీసీఎంబీ సైంటిస్టులు వాళ్ల డేటా చూసి, ఆ "ఏపీ స్ట్రెయిన్" (సైంటిస్టులు ఎన్440కె అనేది) తగ్గిపోతోంది, దాని ప్లేస్‌లోకి బి.1.617 (డెల్టా ఈ రకంలోదే) వస్తోంది అని చెప్పారు. ఏ వేరియంట్ ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది, ఇది చెప్పడమే ఈ ఉద్యోగం. అది చెప్పాలంటే శాంపిల్ ఏ తేదీన తీశారు, ఏ జిల్లా, మామూలుగా టెస్టుకొచ్చినవాళ్లదా ఐసీయూలో ఉన్నవాళ్లదా, ఇవన్నీ కరెక్ట్‌గా రాసుండాలి, ఐసీయూ శాంపిల్సే చదివితే ఊళ్లో ఏం తిరుగుతోందో మనకి తెలీదు. జీనోమ్ చదివే మెషీన్ నడపడం నేర్పేవాళ్లు దొరుకుతారు గానీ ఈ చూపు ఉన్నవాళ్లు తక్కువ, అందుకే అమ్మాయిని స్టాటిస్టిక్స్, పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), లైనక్స్ (కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్) ఇప్పట్నుంచే మొదలుపెట్టమనండి. వైరస్‌లు ఎలా మారుతున్నాయో చూపించే నెక్స్ట్‌స్ట్రెయిన్ వెబ్‌సైట్ ఫ్రీనే, ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

ఎమ్మెస్సీకి గాట్-బి, సీయూఈటీ పీజీ, ఐఐటీ జామ్ అనే ఎంట్రన్స్ పరీక్షలు మూడూ రాయమనండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టి పీహెచ్‌డీలో చేరితే నెలకి 37 వేలు, ఇంటద్దె భత్యం (హెచ్ఆర్ఏ) వేరే. ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్తున్నా, ఎమ్మెస్సీ అవగానే దొరికేవి ఎక్కువగా ప్రాజెక్ట్ పోస్టులే, ప్రాజెక్ట్ అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి, ఇంటికి వెంటనే జీతం కావాలంటే ఇది ఇప్పుడే ఆలోచించుకోండి. కానీ పని కరోనాతో ఆగేది కాదు, డెంగీ, బర్డ్ ఫ్లూ, మందులకి లొంగని టీబీ అన్నిటికీ ఇదే స్కిల్ కావాలి.

లక్షలు కట్టమనే బయోఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్‌తో జీనోమ్ డేటా చూసే చదువు) కోర్సులో చేర్చే ముందు మాత్రం ఒక్కటడగండి, నిజమైన సీక్వెన్స్ డేటా (ల్యాబులో చదివిన జీనోమ్‌ల డేటా) మీద పని చేయిస్తారా అని. సూటిగా చెప్పకపోతే డబ్బు కట్టొద్దు.