ఎడారి పల్లెలో కాలువ నీళ్ళెక్కడివి?

ప్రశ్న: సార్, మా వారు ఫోన్‌లో ఇరాన్‌లోని ఒక చిన్న పల్లె వీడియో చూపించారు. చుట్టూ బీడు. మధ్యలో మట్టి ఇళ్ళు, దానిమ్మ చెట్లు, వీధి పక్కనే పారే కాలువ. వాగు లేదు, చెరువు లేదు, బోరు మోటారు చప్పుడూ లేదు. మరి ఆ నీళ్ళెక్కడివి?
– ఒక పాఠకురాలు, దెగ్లూరు

జవాబు: కొండ కిందివమ్మా. ఆ ఏర్పాటును కనాత్ అంటారు. కొండ వాలులో నీళ్ళు పడేదాకా ఒక బావి తవ్వుతారు, అది తల్లి బావి. అక్కణ్ణుంచి ఊరి వైపు సన్నటి సొరంగం తీస్తారు. వాటం చాలా తక్కువ ఉండాలి, ఎక్కువైతే నీటి వేగానికి నేల కోసుకుపోతుంది. మట్టి తోడటానికి, లోపలివాళ్ళకు గాలి ఆడటానికి దారి పొడవునా నిలువు బావులుంటాయి. కరెంటు అక్కర్లేదు, నీరు పల్లమెరుగు అన్నదే మొత్తం ఇంజనీరింగు. నేల కింద పారుతుంది కాబట్టి ఎండకు ఆవిరయ్యేదీ తక్కువే. ఈశాన్య ఇరాన్‌లోని గోనాబాద్ కనాత్ పొడవు 33 కిలోమీటర్లు, తల్లి బావి లోతు 300 మీటర్ల పైమాటే. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 11 కనాత్‌లలో అదొకటి.

నాకైతే తవ్వకం కన్నా పంపకం ముచ్చటగా ఉంటుంది. పెద్ద పాత్రలో నీళ్ళు పోసి, అడుగున చిల్లి ఉన్న చిన్న రాగి గిన్నెను తేలనిస్తారు. అది నిండి మునిగితే ఒక లెక్క. గుర్తుగా ఒక గులకరాయి పక్కన పెట్టి, గిన్నెను మళ్ళీ తేలనివ్వాలి. నీ వాటా ఇన్ని గిన్నెలంటే అన్నే, ఆపైన మడవ పక్కవాడి పొలానికి తిరగాల్సిందే. రాత్రనక పగలనక ఆ గిన్నె ముందు ఒక మనిషి కూర్చోవాలి. మన చెరువుల కింద నీరటికాడు చూసుకున్న పనే ఇది. వంతుల దగ్గర తగాదాలు రాలేదంటే మాత్రం నేను నమ్మను! గడియారాలొచ్చాక గిన్నె అటకెక్కింది.

అక్కడా బోర్లు వచ్చాయి. అవి నీటిమట్టాన్ని కిందికి లాగేశాక చాలా కనాత్‌లు ఎండిపోయాయి. కనాత్ ఊరిన మేరకే ఇస్తుంది, మోటారుకు ఆ మొహమాటం లేదు. మా ధర్మాబాద్ వైపు బోరు పక్కన బోరు వేసేవాళ్ళకు ఈ మాటే చెప్పి చెప్పి విసిగాను.

చూడాలనుంటే ఇరాన్ దాకా పోనక్కర్లేదు. మీకు బీదర్ ఉంది కదా, అక్కడ బహమనీల కాలంలో, 15వ శతాబ్దంలో తవ్వించిన ఇలాంటిదే ఒకటి ఉంది. నౌబాద్ దగ్గర సురంగ బావి ఎక్కడని అడిగితే చెబుతారు. పిల్లలతో వెళితే నిలువు బావుల అంచులకు పోనివ్వకండి.