ఆడవాళ్ళ టూర్ డి ఫ్రాన్స్ చూసి చదువు మానేస్తానంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది విజయనగరం వైపు. మావారి ఉద్యోగం వల్ల కొరాపుట్ జిల్లా సునాబెడలో స్థిరపడ్డాం. మా అమ్మాయికి పదహారేళ్ళు. ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం, బయాలజీ ఉంది. తొమ్మిదో తరగతిలో ప్రభుత్వం ఇచ్చిన సైకిల్ మీదే జిల్లా పోటీలో ఫస్ట్ వచ్చింది. మొన్న వేసవి సెలవుల్లో ఫోన్లో ఆడవాళ్ళ టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు వీడియోలు చూసినప్పటి నుంచి ఒకటే పట్టు: చదువు మానేస్తాను, లక్షన్నర పెట్టి రేసు సైకిల్ కొనండి అని. మా తమ్ముడు వైజాగ్ పంపేయండి, కార్పొరేట్ కాలేజీలో వేస్తానంటున్నాడు. మా అత్తయ్యగారు ఎండలో తిరిగి నల్లబడితే పెళ్ళెలా అంటున్నారు. నాది ఒకటే ప్రశ్న. ఈ ఆట కూడు పెడుతుందా?

జవాబు: అమ్మా, సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. కొద్దిమందికి పెడుతుంది, బాగానే పెడుతుంది. మిగతావాళ్ళకు ఆట పక్కన ఇంకో ఆధారం ఉండాలి. మీ అమ్మాయి ఏ వరసలో ఉంటుందో పదహారేళ్ళప్పుడు ఎవరూ చెప్పలేరు. అందుకని ఇప్పుడు తేల్చాల్సింది ఫ్రాన్స్ సంగతి కాదు, వచ్చే రెండేళ్ళ సంగతి.

ముందు డబ్బు లెక్క. ఆడవాళ్ళ సైక్లింగ్‌లో పై మెట్టు మీద ఉన్నవాటిని విమెన్స్ వరల్డ్ టూర్ జట్లంటారు. వాటిలో తొక్కే అమ్మాయిలకు కనీస జీతం ఇచ్చి తీరాలని అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ 2020లో నిబంధన పెట్టింది. అప్పుడది ఏడాదికి 15,000 యూరోలు, 2023 నాటికి 32,000 దాటింది. అన్నిటికంటే కింది మెట్టు మీదుండే కాంటినెంటల్ జట్లలో మాత్రం జీతానికి గ్యారంటీ లేదు. పొద్దున ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు అన్నట్టు బతికేవాళ్ళు అక్కడ చాలామంది. ఇక ప్రైజు డబ్బు అంటారా, 2022లో ఆడవాళ్ళ టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అనెమీక్ వాన్ వ్లూటెన్‌కు వచ్చింది 50,000 యూరోలు. దాన్ని కూడా జట్టులో అందరూ పంచుకోవడం ఈ ఆటలో ఆనవాయితీ. 2025 రేసు దాకా చూస్తే మన దేశం నుంచి ఒక్క అమ్మాయి కూడా అందులో తొక్కలేదు. ఈ మాట అమ్మాయికి దాచకుండా చెప్పండి. నిజంగా ఆట మీద ఇష్టముంటే దీనికే వెనక్కి తగ్గదు.

రేసు ఎలా జరుగుతుందో మీరూ కొంచెం తెలుసుకోవాలి. లేకపోతే "ఫస్ట్ రాలేదేం?" అని ప్రతిసారీ అడిగి పిల్లను విసిగిస్తారు. ఎనిమిది, తొమ్మిది రోజుల పాటు ఇంచుమించు రోజుకో రూట్లో తొక్కుతారు, ఒక్కో రూట్‌నూ స్టేజి అంటారు. అన్ని రోజుల టైమూ కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళదే పసుపు జెర్సీ. 2024లో ఏం జరిగిందో చూడండి. అయిదో స్టేజిలో గమ్యం ఇంకో ఆరు కిలోమీటర్లుందనగా, పసుపు జెర్సీలో ఉన్న డెమీ వోలెరింగ్ కింద పడింది. అప్పటికి ముందున్న గుంపులో ఉన్న ఆమె జట్టు అమ్మాయి బ్లాంకా వాష్ ఆ రోజు స్టేజి గెలిచింది. నాయకురాలు మాత్రం దెబ్బలతో ఆలస్యంగా చేరింది, పసుపు జెర్సీ కాషా నేవియాదోమాకు పోయింది. చివరి రోజు ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద, ఆ 21 మలుపుల ఎక్కుడులో, వోలెరింగ్ అందరికంటే ముందు పైకి చేరింది. అయినా మొత్తం టైములో నేవియాదోమా కంటే 4 సెకన్లు వెనకబడింది. ఎనిమిది స్టేజిల రేసు నాలుగు సెకన్లలో పోయింది! జట్టులో ఏడుగురుంటే గెలవడానికి తొక్కేది ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళు గాలికి అడ్డంగా ముందుండి తొక్కుతారు, వెనక్కి వెళ్ళి నీళ్ళ సీసాలు తెస్తారు. వాళ్ళు తీసుకునే జీతం ఆ పనికే. మీ అమ్మాయికి ఇలాంటి పని నచ్చుతుందా, లేక తనొక్కతే మెరవాలనుకుంటోందా అని ఒకసారి అడిగి చూడండి. జవాబులో చాలా తెలుస్తుంది.

దూరపు ఊళ్ళ పిల్లలకు ఇందులో చోటుండదని నేననను. మారిషస్ అమ్మాయి కిమ్ లె కూర్ కొన్నాళ్ళు యూరప్‌లో తొక్కి, కుదరక వెనక్కి వచ్చి, మౌంటెన్ బైక్ రేసులు ఆడుతూ నిలబడింది. మళ్ళీ వెళ్ళి 2025 టూర్‌లో ఒక స్టేజి గెలిచి, పసుపు జెర్సీ వేసుకుంది. ఆఫ్రికా నుంచి ఆ జెర్సీ వేసుకున్న మొదటి అమ్మాయి ఆమే. స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో యూసీఐకి ఒక శిక్షణ కేంద్రం ఉంది, సైక్లింగ్ అంతగా లేని దేశాల పిల్లలను తీసుకునేది వాళ్ళే. కానీ అక్కడిదాకా వెళ్ళాలంటే ముందు జాతీయ స్థాయిలో, తర్వాత ఆసియా స్థాయిలో టైమింగులు చూపించాలి. మన దగ్గర స్టేజి రేసులే అరుదు. 2026 జనవరిలో పుణె చుట్టూ యూసీఐ క్యాలెండర్లో ఉన్న రేసు ఒకటి జరిగింది, అదీ మగవాళ్ళకే.

చదువు మాననివ్వకండి. ఇది భయంతో చెప్పే మాట కాదు. ఈ ఆటలో పదహారేళ్ళకే అంతా అయిపోదు. వాన్ వ్లూటెన్ యూనివర్సిటీలో ఎపిడెమియాలజీలో మాస్టర్స్ చేసింది. ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు దెబ్బతిన్నాకే సైకిలెక్కింది. టూర్ గెలిచేనాటికి ఆమెకు 39 ఏళ్ళు. పైగా మీ అమ్మాయికి బయాలజీ ఉంది. అంటే ఫిజియోథెరపీ తలుపు తెరిచే ఉంది. డిగ్రీ అయ్యాక పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్.ఐ.ఎస్.లో సైక్లింగ్ కోచింగ్ డిప్లొమా ఉంది. రైల్వే స్పోర్ట్స్ కోటా ఉంది, దానికి జాతీయ పోటీల సర్టిఫికెట్లతో పాటు చదువు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ పథకం ఖేలో ఇండియాలో అథ్లెట్‌గా ఎంపికైతే శిక్షణతో పాటు నెలకు 10,000 రూపాయలు చేతి ఖర్చుకిస్తారు. ఈ ఆటతో మన దగ్గర బతుకుతున్నవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి దారుల్లో వచ్చినవాళ్ళే.

సైకిల్ సంగతి. లక్షన్నర ఇప్పుడు వద్దు. ఎదిగే వయసు, ఏడాదిలో ఫ్రేము సైజు మారిపోవచ్చు. ఎవరో వాడిన అల్యూమినియం రోడ్ బైక్, సరైన సైజుది, దొరికితే చాలు. మిగిలిన డబ్బు టైర్లకు, మంచి హెల్మెట్‌కు, పోటీల ప్రయాణ ఖర్చులకు ఉంచండి. కోచ్‌లు ముందు చూసేది నిర్ణీత దూరం ఎంత టైములో తొక్కింది, నెల తర్వాత అదే దూరం ఎంతలో తొక్కింది అన్నదే. ఒక నోటుబుక్కులో అది రాసుకోమనండి.

మీరున్న చోటు కూడా కలిసొచ్చేదే. దాదాపు 900 మీటర్ల ఎత్తు, చల్లటి పొద్దులు, ఏ దిక్కుకు వెళ్ళినా ఎక్కుడు దిగుడు. మైదానంలో పిల్లలకు ఇది దొరకదు. కానీ పొట్టంగి మీదుగా సాలూరు దిగే ఘాట్‌లో మాత్రం ఒంటరిగా పంపకండి. రాయపూర్, విశాఖ లారీలు ఆ రోడ్డున వస్తాయి, మలుపులో సైకిల్ కనపడేసరికే ఆలస్యమైపోతుంది. ఎక్కడం ప్రాక్టీసు చెయ్యాలంటే ఆదివారం తెల్లవారాక, వెనక మీవారు బండి మీద లైటు వేసుకుని వస్తుండగా చెయ్యమనండి. పొగమంచు ఉన్న రోజు అసలొద్దు.

ఇంకో విషయం తల్లిగా మీరే చూడాలి. ఇంత తొక్కుతూ, బరువు తగ్గితే కొండ బాగా ఎక్కుతానని తిండి తగ్గించే పిల్లలున్నారు. నెలసరి రెండు మూడు నెలలు ఆగితే "ఆటలో మామూలే" అనుకోకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళండి. హిమోగ్లోబిన్ ఇప్పుడే ఒకసారి చూపించండి. పొద్దున చోడి అంబలి, గుడ్లు, పప్పు, కడుపునిండా అన్నం చాలు. జిమ్ములో అమ్మే డబ్బాల పొడులు వద్దు. ఏం కలిపారో తెలియని పొడి తాగి డోప్ పరీక్షలో దొరికితే, తెలియక తాగానన్నా నిషేధం పడొచ్చు.

మీ తమ్ముడి మాట. మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లుండే హాస్టల్లో సైకిల్ తొక్కడం కుదరదు, అది మీకూ తెలుసు. పైగా మధ్యలో రాష్ట్రం మారితే ఏ రాష్ట్రం తరఫున ఆడాలన్న చిక్కు కొత్తగా వస్తుంది. ప్లస్ టూ అక్కడే పూర్తి చేయించండి, ఒడిశా తరఫునే ఆడనివ్వండి. రెండో ఏడాది చివరికి జాతీయ పోటీల్లో ఎక్కడుందో చూసి అప్పుడు మాట్లాడుకోవచ్చు. అత్తయ్యగారికి సన్‌స్క్రీన్ సీసా చూపించండి. అంతకు మించి ఆ విషయం మీద నేను రాయను.

ఇక ఈ వారంలోనే చెయ్యాల్సిన పని ఒకటుంది. జూనియర్ విభాగమంటే 17, 18 ఏళ్ళవాళ్ళు. ఆ క్యాలెండర్ సంవత్సరంలో ఎన్నేళ్ళు నిండుతాయన్నదే లెక్క, కాబట్టి పుట్టిన తేదీ కాగితం మీద గట్టిగా ఉండాలి. మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అక్కడ తరచూ వచ్చే తంటా ఏమిటంటే, ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా స్కూలు సర్టిఫికెట్లో వెనక్కి వెళ్తుంది, జనన ధ్రువపత్రంలో అసలే ఉండదు. రాష్ట్ర సైక్లింగ్ సంఘం దగ్గర పోటీల లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు ఈ మూడూ కలవకపోతే ఒక సీజనంతా పోవచ్చు. మూడూ బయటికి తీసి, పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ముందు ఆధార్‌తో మొదలుపెట్టకండి, జనన ధ్రువపత్రం సరిచేయించి మిగతావి దాన్నిబట్టి మార్పించండి.