బిక్కవోలు పొలాల మధ్య కనిపించే పాత గుడులు ఎవరు కట్టించినవి?

సామర్లకోట నుంచి అనపర్తి వైపు సాగే దారిలో బిక్కవోలు వద్ద వరిచేల మధ్య ఒంటరిగా నిలిచి కనిపించే రాతి గుడులు తూర్పు చాళుక్యుల కాలం నాటివి. వీటిని గుణగ విజయాదిత్యుడి పాలనతో, అంటే 9వ శతాబ్దపు ఉత్తరార్ధంతో, ముడిపెట్టి చెబుతారు. పొలాల్లో ఉన్నవి కంసరగుడి, నక్కలగుడి, వీరభద్రుని గుడి కాగా, గోలింగేశ్వర, రాజరాజేశ్వర, చంద్రశేఖర ఆలయాలు ఊళ్లోనే ఉన్నాయి.

వీటిలో తీరిగ్గా చూడవలసింది గోలింగేశ్వరాలయం. గోడల్లోని గూళ్ల మీద చెక్కిన మకరతోరణాలను (మకరం, అంటే మొసలిలాంటి కాల్పనిక జంతువు, రూపాలున్న అలంకార తోరణాలను) దగ్గరగా పరిశీలిస్తే ఆంధ్రదేశంలో ద్రావిడ శైలి, అంటే దక్షిణాది ఆలయ నిర్మాణ పద్ధతి, ఎంత తొందరగా పరిణతి పొందిందో తెలుస్తుంది. శివుడు పార్వతిని పొదివి పట్టుకున్న ఆలింగన చంద్రశేఖరమూర్తి శిల్పం ఇక్కడి పనితనానికి, నా దృష్టిలో, పరాకాష్ఠ. ఊళ్లోని లక్ష్మీగణపతి చెవిలో భక్తులు కోరికలు చెప్పుకోవడం నేటికీ ఉంది.

అదే దారిలో సామర్లకోటలోని కుమారారామ భీమేశ్వరాలయాన్ని, కొంచెం దూరమైనా ద్రాక్షారామాన్ని కూడా చూడండి. ఆ రెండూ చాళుక్య భీముడు కట్టించినవని ప్రసిద్ధి. రెండంతస్తుల గర్భాలయం రెండింటిలోనూ కనిపిస్తుంది.