మెషిన్ కొన్నావంట కదా, ఇది చదివాకే బీచ్‌కి వెళ్ళు

అమ్మలూ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు, నువ్వు మొదటి జీతంతో మెటల్ డిటెక్టర్ తెప్పించుకున్నావని, భీమిలి బీచ్‌లో పాత నాణేలు వెతుకుతానంటున్నావని. వాడు చేసింది నాచేత నిన్ను తిట్టించడానికే, "నీ మాటైతే వింటాది అన్నయ్యా" అన్నాడు. నాకు మాత్రం ముందు గర్వంగా అనిపించింది, ఇంట్లో ఇంతమంది పిల్లలుంటే నా పని మీద మనసు పడింది నువ్వొక్కదానివే. ఫోన్ పెట్టేశాక ఇంక నిద్ర పట్టలేదు. బాంబ్ స్క్వాడ్‌లో చేసి రిటైరైనవాడికి ఇంటి పిల్ల మెషిన్ పట్టుకుని తిరుగుతాదంటే ఎలా ఉంటదో నీకు చెప్పినా అర్థం కాదు.

మెషిన్ కూసిందంటే కింద లోహం ఉంది, అంతే. అది ఉంగరమా, పడవ మేకా, ఇంకోటా అన్నది దానికి తెలీదు. చింతపల్లి, జి.మాడుగుల రోడ్ల మీద మందుపాతరల కోసం కల్వర్టు కల్వర్టుకీ దిగి చెక్ చేసే రోజుల్లో మాకు ముందు నేర్పింది మెషిన్ పట్టుకోవడం కాదు, కూత వినగానే చెయ్యి ఆపుకోవడం. ఆ కూతకీ చెయ్యి కదలడానికీ మధ్యలో మనిషి ఒకసారి ఆలోచించాలి. బీచ్‌లో బాంబులేంటి పెదనాన్నా అంటావు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులేశాయి, పేలకుండా మిగిలినదొకటి విశాఖ మ్యూజియంలో పెట్టారు, వెళ్ళి చూడు. అది పాతమాట అనుకున్నా, చేపల కోసం సముద్రంలో డైనమైట్ పేల్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, పేలనిది ఒడ్డుకి కొట్టుకురాదని ఎవరు చెప్పగలరు? గొట్టంలాంటిది, వైరు వేలాడేది, సీల్ చేసిన డబ్బాలాంటిది ఏం కనపడినా ముట్టుకోకు, ఫొటో కోసం దగ్గరికి కూడా వెళ్ళకు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చి 112కి కొట్టు. ఇదొక్కటి మాత్రం నా మీద ఒట్టేసి పాటించు.

తవ్వడం కూడా సిగ్నల్ నడినెత్తిన పొడవడం కాదు. జానెడు పక్కకి జరిగి, పక్కనుంచి ఏటవాలుగా ఇసక తియ్యాలి. మేం ప్రాడర్‌ని, అదే నేలలో గుచ్చి చూసే కడ్డీని, నేలకి 30 డిగ్రీల్లో దింపేవాళ్ళం, నిట్టనిలువుగా గుచ్చితే సీనియర్లు మండిపడేవాళ్ళు. నీకు దానివల్ల ఇంకో లాభం, నాణెం మీద గీత పడదు. తవ్విన గుంత పూడ్చు, పిల్లలు పరిగెత్తే చోటు అది.

మెషిన్ సంగతి. మన బీచ్‌లో నల్ల ఇసక చారలు చూశావు కదా, ఇల్మనైట్, గార్నెట్, మాగ్నటైట్ లాంటివి, పైగా ఉప్పునీళ్ళతో తడిసిన ఇసక కరెంటు పారిస్తది, అందుకే పొడి ఇసకలో బుద్ధిగా ఉన్న మెషిన్ అలల దగ్గరికి రాగానే ఊరికే కూస్తుంది. పాడైపోయిందని వెనక్కి పంపకు. కాయిల్‌ని, అంటే మెషిన్ కింది పళ్ళేన్ని, నేలకి దగ్గరగా పైకీ కిందకీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చెయ్యి, అంటే ఆ నేలకే కూయకుండా సరిచెయ్యి, పొడి ఇసకలో ఒకసారి, తడి ఇసకలో మళ్ళీ ఇంకోసారి, అయినా ఊరుకోకపోతే సెన్సిటివిటీ తగ్గించు. అలాగని ఆ నల్ల ఇసకని వదిలెయ్యకు. అది బరువైంది, అల తేలిక ఇసకని లాక్కుపోయి దాన్ని వదిలేస్తది, నాణేలూ ఉంగరాలూ కూడా అక్కడే ఆగుతాయి. పెద్ద అలలొచ్చి ఒడ్డు కోసేశాక, పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తగ్గి ఉన్నప్పుడు వెళ్ళు. ఎదురు నుంచీ పక్క నుంచీ రెండు వైపులా ఊపితే ఒకేలా పలికే సిగ్నల్‌ని నమ్ము.

ముందు దొరికేవి సోడా మూతలు, వలలకి కట్టే సీసం గుళ్ళు, తుప్పు మేకులు. ఆ తర్వాత అల్యూమినియం పైసలు, ఉప్పు తినేసి చిల్లులు పడి ఉంటాయి. అదృష్టం బాగుంటే చిల్లుకాణీ, 1943 నుంచి 47 దాకా కొట్టినవి. తామరపువ్వున్న ఇరవై పైసల బిళ్ళ పచ్చగా మెరిస్తే బంగారం అనుకోకు, అది ఇత్తడి లాంటిదే.

ఇంకా పాతది దొరికితే? అక్కడే నా భయమంతా. మా తోడల్లుడి సంగతి మీ ఇంట్లో ఎవరూ చెప్పుండరు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న కదా, ఆ తర్వాత గోస్తని నది సముద్రంలో కలిసేచోటికి కొంచెం ఇవతల ఒడ్డు నిలువునా తెగింది. ఆ కోతలో ఆయనకి పిడికిలంత నల్లటి ముద్ద దొరికింది, ఇసకా గవ్వముక్కలూ కరుచుకుపోయి, ఒక పక్క మాత్రం బిళ్ళల అంచులు పచ్చగా వరసగా కనపడుతున్నాయంట. నేనప్పుడు నర్సీపట్నంలో డ్యూటీలో ఉన్నాను. ఒక్క ఫోన్ చేసుంటే వద్దనేవాడిని. ఎవరికీ చెప్పలేదాయన, తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చి, తలుపేసుకుని, సుత్తితో విడగొట్టి, రాత్రంతా చింతపండులో నానబెట్టి, లోపల బంగారం ఉంటదన్న ఆశతో తెల్లారి కంసాలి దగ్గర యాసిడ్ తెచ్చి పోశాడు. నేను వెళ్ళేసరికి స్టీలు గిన్నెలో ఎర్రటి రాగి రేకులున్నాయి. వేలితో తాకితే నున్నగా జారిపోతున్నాయి. ఒక్క బిళ్ళ మీద మాత్రం పెద్ద ఇంగ్లీషు వి అక్షరం, దాని ఒక కాలి మీద ఓ, రెండో కాలి మీద సగం సి, కింద 17 అని అంకెలు, ఆ తర్వాత రెండంకెలూ లేవు.

అది డచ్చి కంపెనీ గుర్తు అమ్మలూ. డుయిట్ అంటారు ఆ నాణేన్ని, 1726 నుంచి వాళ్ళ దేశంలో కంపెనీ కోసం కొట్టిన రాగి కాసు. భీమిలి 1825లో ఇంగ్లీషోళ్ళ చేతికి వెళ్ళేదాకా వాళ్ళదే కదా. అన్ని బిళ్ళలు ఒకేచోట ముద్దకట్టాయంటే ఎవరిదో చిక్కమో సంచో అయ్యుండాలి, ఒక్కోసారి ఆ గుడ్డ నేత కూడా తుప్పులో అచ్చు పడి ఉంటది, చూసేవాళ్ళు చూస్తే చెప్పగలరు. సుత్తి దెబ్బకి అదీ పోయింది. పోనీ ఎక్కడ దొరికిందో చూపించు అంటే ఒకరోజు ఈ రాయి దగ్గరన్నాడు, ఇంకోరోజు ఆ మలుపులో అన్నాడు, ఈలోగా సముద్రం కోత మొత్తం పూడ్చేసింది. ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి బయటికెళ్ళిపోతాడు. చెడ్డవాడు కాదు, చేతికి తొందరెక్కువ. నీకూ ఆ తొందరుంది, చిన్నప్పుడు గిఫ్ట్ ప్యాక్ చింపే పద్ధతి చూశాగా.

అందుకని పాతదనిపిస్తే రుద్దకు, నిమ్మకాయా చింతపండూ పీతాంబరీ ఏదీ వద్దు, ఆరనివ్వకు కూడా. ఫోన్లో లొకేషన్ పిన్ పెట్టు, పక్కన స్కేలు పెట్టి ఫొటో తియ్యి, ఎంత లోతులో ఉందో రాసుకో. ఇంటికొచ్చి బ్యాటరీ వాటర్‌లో (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) వేసి నీళ్ళు మారుస్తూ ఉండు, లోపలి ఉప్పు దిగాలి. ముద్దగా ఉంటే ముద్దగానే ఉంచు.

దాచుకోకూడదు కూడా. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది, భూమిలో దాగినది విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో కూడా రాయాలి. చెప్పకపోతే నీ వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం లెక్కలో పురావస్తువు, అమెరికాలో ఉన్న మీ ఫ్రెండ్‌కి గిఫ్టుగా పంపిద్దాం అనుకోకు. డచ్చి సమాధుల తోట, పావురాళ్ళకొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, ఇవి రక్షణలో ఉన్న చోట్లు, ఈ నాలుగింట్లోనూ మెషిన్ ఆన్ కూడా చెయ్యకు. కొండల మీద మెషిన్ పట్టుకున్న మనిషి కనపడితే గుప్తనిధుల ముఠా అనేస్తారు జనం, ఆడపిల్లవని కూడా చూడరు, కొట్టాక అడుగుతారు పేరు. ముందే స్టేషన్‌కి వెళ్ళి ఇలా బీచ్‌లో తిరుగుతానని చెప్పి, ఒక కాగితం రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకో, నేనూ వస్తా తోడు.

ఒక్కదానివే చీకట్లో వెళ్ళకు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు వెనకాల ఎవరొచ్చారో వినపడదు, ఒక చెవి ఖాళీగా ఉంచు. ఎవరిదైనా పోయిన ఉంగరం దొరికితే అడగకముందే తిరిగిచ్చెయ్యి, నేను అలా ఇచ్చిన ఒక మంగళసూత్రం తాలూకు ఆవిడ ఇప్పటికీ సంక్రాంతికి అరిసెలు పంపుతుంది.

ఈ ఆదివారం పాటు ఎప్పుడో మన జాలరిపేటలో అడిగి కనుక్కుంటా. మెషిన్ ఫుల్ ఛార్జ్ పెట్టు, నా పాత ప్రాడర్ తెస్తా, అది నీకే ఇచ్చేస్తా. మీ నాన్నతో మాత్రం పెదనాన్న బాగా తిట్టాడని చెప్పు.

మీ పెదనాన్న