బెయిల్ వచ్చినా బయటికి ఎందుకు రావట్లేదు? – మీ ప్రశ్నలకి లాయరు జవాబులు

ప్రశ్న: లాయరు బాబుకి నమస్కారాలు. మా అక్క కొడుకు చెన్నైలో బిల్డింగ్ పనికెళ్తే దొంగతనం కేసులో పెట్టీసారు. బెయిలొచ్చి రెండు నెలలయ్యింది గానీ ఆ ఊరోళ్ళే ఇద్దరు ష్యూరిటీ ఉండాలంతన్నారట, అక్కడ మాకెవులు తెలుసు బాబూ? ఇక్కడ మా అక్క పేరున అరెకరం జీడితోట ఉంది, అది పనికిరాదా? అన్ని దేశాల్లోనూ ఇలాగేనా?
– ఒక పాఠకురాలు, పలాస దగ్గర

జవాబు: అమ్మా, ఆ తోట పాస్‌బుక్ పట్టుకుని కోర్టు ముందు పెట్టొచ్చు, వేరే రాష్ట్రంలో ఉందన్న ఒక్క కారణంతో కాదనడం సరికాదు. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి అచ్చం ఇదే కష్టమొచ్చింది, పదివేలకి ష్యూరిటీ అడిగి, వాళ్ళ అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదు, 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలేయమన్నారు. మళ్ళీ 2023 జనవరి 31న అదే కోర్టు ఇంకా వివరంగా చెప్పింది. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి, అంటే పేదలకి ఫ్రీగా లాయరుని ఇచ్చే సర్కారు సంస్థకి, తెలియజేయాలి, నెల దాటితే ఎవరూ అడక్కపోయినా కోర్టే షరతులు తగ్గించే సంగతి చూడొచ్చు, లోకల్ ష్యూరిటీ పట్టుబట్టడం వల్లే ఆలస్యమవుతోంది కాబట్టి ఆ షరతు పెట్టకుండా ఉండొచ్చు అని. మీవాడికి రెండు నెలలు దాటిపోయింది కదా, ఈరోజే న్యాయసేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, లాయరుని ఫ్రీగా ఇస్తారు, షరతు సడలించమని పిటిషన్ వేయించండి. ఇంకోటి, మొదటిసారి కేసైతే, వేరే కేసుల్లేకపోతే, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడోవంతు రిమాండ్‌లో గడిచినా వదలాలని క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 479 సెక్షన్ చెప్తోంది, కానీ మామూలు దొంగతనానికి మూడేళ్ళు కాబట్టి అది ఏడాది మాట, అంతవరకు ఆగొద్దు.

రూల్ ఇంత స్పష్టంగా ఉన్నా భాష రాని కూలీ కుర్రాడికి అది చెప్పేవాళ్ళు లేరు, నాకు బాధ అక్కడే. 2022 చివరికి దేశంలో ఖైదీలు 5,73,220 మంది, అందులో 4,34,302 మందికి ఇంకా శిక్షే పడలేదు, విచారణ ఖైదీలు. నేరం రుజువు కాకుండానే వీళ్ళంతా లోపల ఉన్నారు, అందులో డబ్బులూ తెలిసినోళ్ళూ లేక ఉండిపోయినవాళ్ళు ఎంతోమంది. జైళ్ళ సంస్కరణ అంటే ముందు ఇది సరిచేయాలి, కొత్త బిల్డింగులు తర్వాత.

వేరే దేశాల సంగతంటే, అమెరికాలోనూ ఇదే గోల, కౌంటీ (మన జిల్లా లాంటిది) జైళ్ళలో ఎక్కువమంది బెయిల్ డబ్బు కట్టలేకో, విచారణ కాకో ఉన్నవాళ్ళే. అయితే ఇల్లినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబర్ నుంచి డబ్బు బెయిల్ పూర్తిగా తీసేసింది. మనిషి పారిపోతాడా, ఎవరికైనా ప్రమాదమా, అది చూసి జడ్జి తేలుస్తారు, జేబు చూడరు. మన దగ్గరా అలా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: నార్వేలో జైలు హోటల్లా ఉంటుందట, అలా పెడితే దొంగలకి భయం ఏటుంటాది సార్?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీరనేది 2010లో తెరిచిన హాల్డెన్ జైలు గురించి అనుకుంటా. గది బాగుంటుంది నిజమే, కానీ బయటికెళ్ళే స్వేచ్ఛ ఉండదు, వాళ్ళ లెక్కలో శిక్ష అదే. లోపలున్నవాడు ఏదో ఒకరోజు మన వీధికే వస్తాడు కదండీ, పని నేర్చుకుని రావాలా, పగతో రావాలా? బ్రెజిల్ ధనిక దేశమేం కాదు, అక్కడ ఖైదీ ఒక పుస్తకం చదివి దాని గురించి రాసిస్తే శిక్షలో నాలుగు రోజులు తగ్గుతాయి, ఏడాదికి 12 పుస్తకాల వరకు. మన రాష్ట్రంలోనే అనంతపురం దగ్గర ఖైదీల వ్యవసాయ కాలనీ ఉంది, జైపూర్ దగ్గర సాంగనేర్‌లో అయితే శిక్ష పడినవాళ్ళు కుటుంబంతో ఉంటూ పగలు బయటికెళ్ళి పని చేసుకుని సాయంత్రం హాజరు వేయించుకుంటారు. ఇలాంటిది ఒకటి మన ఉత్తరాంధ్రలోనూ పెట్టమని అడగాలి, మీరూ మీ ఎమ్మెల్యే గారికి ఒక అర్జీ ఇవ్వండి.